ఈఎస్‌సీ వేడెక్కి ఆగిపోతోందా? ఫ్యాన్ కొనే ముందు ఈ వరసలో చూడండి

రిమోట్ కారు నాలుగు నిమిషాలు బాగా పరుగెత్తి ఉన్నట్టుండి ఆగిపోతుంది. స్టీరింగ్ తిరుగుతూనే ఉంటుంది, థ్రాటిల్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. బాడీ ఎత్తితే లోపలి వేడి గాలి ముఖానికి కొడుతుంది. ఐదు పది నిమిషాలు పక్కన పెడితే మళ్లీ మామూలుగా నడుస్తుంది. మోటార్ వేగాన్ని అదుపు చేసే ఆ చిన్న పెట్టె, అంటే ఈఎస్‌సీ, హద్దు దాటి వేడెక్కి తనను తాను ఆపేసుకుందన్నమాట.

ఇలా జరగగానే చాలామంది చేసే మొదటి పని పెద్ద ఫ్యాన్ తెచ్చి బిగించడం. నేనూ అదే చేశాను. ఒక ట్రక్కుకి వరసగా రెండు ఫ్యాన్లు పెట్టాను, బాడీకి కంతలు కోశాను. అయినా మూడో బ్యాటరీకల్లా బండి ఆగిపోయేది. చివరికి మొత్తం విప్పితే వెనక చక్రం బేరింగ్ ఒకటి తుప్పు పట్టి బిగుసుకుపోయి కనిపించింది. అది మార్చాక పాత ఫ్యాన్ ఒక్కటే సరిపోయింది. అప్పటినుంచి నా వరస మారింది. ఈఎస్‌సీ మీద ఎక్కువ భారం ఎక్కడినుంచి పడుతోందో ముందు వెతుకుతాను. చల్లబరిచే ఏర్పాట్లు ఆ తర్వాతే.

వేడి ఎక్కడ పుడుతుంది

ఈఎస్‌సీ లోపల మాస్ఫెట్లు అనే చిన్న స్విచ్‌లు ఉంటాయి. అవి సెకనుకు వేల సార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ బ్యాటరీ కరెంటును మోటార్‌కి విడతలుగా పంపుతాయి. మూసుకుని ఉన్నప్పుడు, అంటే కరెంటు వాటి గుండా పోతున్నప్పుడు కూడా, వాటిలో కొద్దిపాటి రెసిస్టెన్స్ మిగిలి ఉంటుంది. కరెంటు దాని గుండా వెళ్లేటప్పుడు వేడి పుడుతుంది. ఇక్కడ గట్టిగా గుర్తు పెట్టుకోవాల్సిన లెక్క ఒకటుంది: కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. కరెంటు దారిలో మొత్తం 2 మిల్లీఓమ్‌ల రెసిస్టెన్స్ ఉందనుకోండి. 40 ఆంపియర్లు లాగితే 3.2 వాట్ల వేడి పుడుతుంది. 80 ఆంపియర్లు లాగితే 12.8 వాట్లు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే పెట్టె అంత వేడిని బయటికి తోయాలంటే మాటలు కాదు. పైగా మాస్ఫెట్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ కూడా పెరుగుతుంది, దాంతో ఇంకా వేడి పుడుతుంది. చివరి రెండు నిమిషాల్లో ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఎగబాకేది అందుకే.

ఇంకో సంగతి చాలామంది ఊహించరు. పూర్తి థ్రాటిల్ కంటే, బరువు లాగుతూ సగం థ్రాటిల్‌లో నడిపినప్పుడే ఈఎస్‌సీకి కష్టం ఎక్కువ. పూర్తి థ్రాటిల్‌లో వేగాన్ని తగ్గించడానికి కరెంటును ముక్కలు చేయాల్సిన పని ఉండదు. సగంలో ఉన్నప్పుడు స్విచ్‌లు ఆపకుండా కొడుతూనే ఉండాలి. స్విచ్ తెరుచుకున్న ప్రతిసారీ మోటార్ కాయిల్‌లో మిగిలిన కరెంటు మాస్ఫెట్ లోపలి డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) గుండా తిరుగుతుంది, ఆ దారిలో నష్టం ఇంకా ఎక్కువ. గడ్డిలోనో ఇసుకలోనో నెమ్మదిగా నడిపిన బండి, రోడ్డు మీద దూసుకుపోయిన బండి కంటే ఎక్కువ కాలడానికి ఇదొక కారణం.

అదే పెట్టెలో బీఈసీ కూడా ఉంటుంది. రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్‌కీ, స్టీరింగ్ తిప్పే చిన్న మోటార్ అయిన సర్వోకీ కావలసిన తక్కువ వోల్టేజ్ ఇచ్చేది అదే. పాత రకం లీనియర్ బీఈసీ అయితే మిగిలిన వోల్టేజ్‌ని వేడిగా మార్చి వదిలేస్తుంది. నిండుగా ఛార్జ్ చేసిన 3ఎస్ లైపో, అంటే మూడు సెల్స్ ఉన్న లిథియం పాలిమర్ బ్యాటరీ, 12.6 వోల్టులు ఇస్తుంది. దాన్ని 6 వోల్టులకు దించి సర్వోకి 2 ఆంపియర్లు ఇస్తే 13 వాట్లకు పైగా వృథా వేడి ఆ పెట్టెలోనే పోగవుతుంది. స్విచింగ్ బీఈసీలో ఈ బాధ చాలా తక్కువ. పెద్ద సర్వో పెట్టాక ఈఎస్‌సీ వేడెక్కడం మొదలైతే విడిగా ఒక బీఈసీ పెట్టుకోండి. ఆ సర్దుబాటు ఒక్కటే సరిపోవచ్చు.

మొదటి అడుగు: చేత్తో తాకి చెప్పకండి, కొలవండి

వేలు పెట్టి చూడటం నమ్మదగ్గ కొలత కాదు. 60 డిగ్రీల లోహం తాకినా చెయ్యి వెనక్కి లాగేస్తాం, 85 డిగ్రీలదైనా అంతే. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి దగ్గర ఉంచుకోండి. దానితో ఒక చిక్కుంది: మెరిసే అల్యూమినియం మీద అది అసలు కంటే బాగా తక్కువ చూపిస్తుంది. హీట్ సింక్, అంటే ఈఎస్‌సీ వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్కల మీద చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, ఎప్పుడూ ఆ ముక్కనే దగ్గర నుంచి కొలవండి. దూరం నుంచి కొలిస్తే చుట్టుపక్కల వేడి కూడా కలిసిపోతుంది. కొన్ని ఈఎస్‌సీలు తమ గరిష్ఠ ఉష్ణోగ్రతను అవే నమోదు చేసుకుంటాయి. సెట్టింగులు మార్చే ప్రోగ్రామ్ కార్డుతోనో యాప్‌తోనో ఆ అంకె చూడొచ్చు. ఆ సౌకర్యం ఉంటే బయటి కొలత కంటే దాన్నే నమ్మండి, ఎందుకంటే లోపలి మాస్ఫెట్ ఎప్పుడూ పైతొడుగు కంటే వేడిగానే ఉంటుంది.

నిండు బ్యాటరీతో మూడు నిమిషాలు మీరు మామూలుగా నడిపే పద్ధతిలోనే నడిపి, ఆపి, వెంటనే కొలవండి. ఈఎస్‌సీ, మోటార్, బ్యాటరీ, కనెక్టర్ నాలుగూ రాసుకోండి. రెండు నిమిషాలాగి మళ్లీ కొలవండి. గాలి ఆగిపోవడంతో లోపలి వేడి పైకి వచ్చి అంకె ఇంకా పెరగొచ్చు. ఆ పెద్ద అంకెనే లెక్కలోకి తీసుకోండి. తర్వాత ఆరు నిమిషాలు నడిపి అలాగే కొలవండి.

అంకెతో పాటు ఆ రోజు గాలి ఉష్ణోగ్రత కూడా తప్పకుండా రాయాలి. 22 డిగ్రీల సాయంత్రం ఈఎస్‌సీ 58 చూపిందంటే గాలి కంటే 36 ఎక్కువ. అదే బండి అదే తీరున 40 డిగ్రీల మధ్యాహ్నం నడిస్తే దాదాపు 76 దగ్గరికి చేరుతుంది. చలికాలంలో సరిచూసుకున్న సెటప్ ఎండల్లో మొరాయించేది ఇందుకే. తేడా అంకె రాసుకుంటే ఏ రోజు ఎంత దూరం వెళ్లొచ్చో ముందే తెలుస్తుంది.

నేను పాటించే హద్దులు ఇవి: ఈఎస్‌సీ పైతొడుగు 70 లోపు ఉంటే నిశ్చింత, 70 నుంచి 80 అయితే కారణం వెతకాలి, 85 దాటితే ఆ రోజుకి ఆపేయాలి. మోటార్‌ని 80 దాటనివ్వను, ఎందుకంటే మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు ఆ పైన బలం కోల్పోవడం మొదలుపెడతాయి. లైపో బ్యాటరీ 60కి చేరిందంటే అక్కడే విప్పి, మండే వస్తువులకు దూరంగా చల్లారనివ్వండి. మీ ఈఎస్‌సీ ఎన్ని డిగ్రీలకు తనంతట తాను ఆగుతుందో దాని మాన్యువల్‌లో ఉంటుంది. ఆ అంకెని చివరి గోడగా చూడండి. రోజూ దాని దాకా వెళ్లి తగలకూడదు.

రెండో అడుగు: నిజంగా వేడికే ఆగిందా

బ్యాటరీ వోల్టేజ్ పడిపోయినా ఈఎస్‌సీ మోటార్‌ని ఆపుతుంది. రెండింటికీ తేడా పట్టుకోవడం సులువే. వోల్టేజ్ వల్ల ఆగితే కాసేపట్లోనే కొద్దిగా కదిలి మళ్లీ ఆగుతుంది, ముట్టుకుంటే పెట్టె మామూలుగా ఉంటుంది. వేడికి ఆగితే చల్లారేదాకా కదలదు, చల్లారాక పూర్తి బలంతో నడుస్తుంది. లైటు మెరిసే తీరు కూడా రెండింటికీ వేరుగా ఉంటుంది, మాన్యువల్‌తో పోల్చుకోండి. స్టీరింగ్ కూడా పోతే మాత్రం అనుమానం బీఈసీ మీదికి మళ్లాలి. అది ప్రమాదకరం, ఎందుకంటే బండి మీ అదుపులో ఉండదు. అలాంటప్పుడు మళ్లీ ఒకసారి చూద్దామని నడపకండి.

మూడో అడుగు: చేత్తో తిప్పి చూడండి

మోటార్ స్క్రూలు వదులు చేసి పినియన్‌ని (మోటార్ షాఫ్ట్ మీది చిన్న గేరు) స్పర్ గేర్ (అది తిప్పే పెద్ద గేరు) నుంచి పక్కకి జరపండి. ఇప్పుడు చక్రాలు తిప్పండి. ఒక్క తోపుకి హాయిగా తిరగాలి. ఎక్కడైనా గరగరలాడినా, ఒక చోట పట్టినట్టు అనిపించినా చక్రాలు ఒక్కొక్కటే తీసి బేరింగ్‌లు విడివిడిగా చూడండి. మట్టి నీళ్లలో నడిపిన బండికి ముందు పాడయ్యేవి ఇవే. ఇరుసులకు వెంట్రుకలు, దారాలు, గడ్డి పోచలు చుట్టుకుని ఉంటాయి, అవీ తీయండి.

మోటార్‌నీ విడిగా చూడండి. వైర్లు ఈఎస్‌సీ నుంచి తీసి, ఒకదానికొకటి తగలకుండా ఉంచి షాఫ్ట్ తిప్పండి. అయస్కాంతాల వల్ల సమాన దూరంలో చిన్న చిన్న కుదుపులు తగలడం సహజం. అలా కాకుండా గట్టి నూనెలో తిప్పుతున్నట్టు బరువుగా ఉంటే లోపలి తీగ చుట్లు (వైండింగ్) షార్ట్ అయి ఉండొచ్చు. ఆ మోటార్‌కి ఏ ఈఎస్‌సీ కట్టినా కాలిపోయే ప్రమాదం ఉంది, పక్కన పెట్టేయండి.

తిరిగి బిగించేటప్పుడు రెండు గేర్ల మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి, పినియన్‌ని దానికి ఆనించి స్క్రూలు బిగించండి. తర్వాత గేరు తిప్పి కాగితం బయటికి తీయండి. మిగిలిన ఆ వెంట్రుకవాసి సందే సరైన సందు. స్పర్ గేర్ గుండ్రం కొద్దిగా వంకరగా ఉండొచ్చు కాబట్టి నాలుగైదు చోట్ల సరిచూడండి. గేర్లు బిగుతుగా ఉన్న బండి నడుస్తూనే ఉంటుంది, కేక కాస్త పెరుగుతుందంతే, అందుకే ఈ తప్పు ఎన్నాళ్లయినా బయటపడదు.

నాలుగో అడుగు: గేరింగ్

నన్నడిగితే ఈఎస్‌సీ వేడికి అతి పెద్ద కారణమూ, అతి తేలికైన మందూ ఇక్కడే ఉన్నాయి. స్పర్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేది నిష్పత్తి. 54 పళ్ల స్పర్, 18 పళ్ల పినియన్ అయితే 3.0. పినియన్‌ని 16కి మారిస్తే 3.375. అంటే అదే చక్రాన్ని తిప్పడానికి మోటార్ మీద పడే బరువు పదోవంతుకి పైగా తగ్గింది. మోటార్ కరెంటు ఆ బరువుని బట్టే ఉంటుంది. కరెంటు అంత తగ్గితే, పైన చెప్పుకున్న లెక్క ప్రకారం వేడి దాదాపు ఐదోవంతు తగ్గుతుంది. పోయేది కొంత గరిష్ఠ వేగం. మలుపులు, దూకుళ్లు ఎక్కువున్న చోట ఆ వేగం ఎలాగూ అందుకోలేం, కాబట్టి పెద్దగా పోయేదేమీ లేదు.

ఒక్కసారికి ఒకటి లేదా రెండు పళ్లే మార్చండి. మార్చిన ప్రతిసారీ మళ్లీ మూడు నిమిషాల పరీక్ష చేసి రాసుకోండి. అదే రోజు గేరూ మార్చి ఫ్యాన్ కూడా పెడితే దేని వల్ల తగ్గిందో మీకు ఎప్పటికీ తెలియదు. మరీ చిన్న పినియన్ కూడా మంచిది కాదు. మోటార్ అతి వేగంగా తిరిగి అది వేడెక్కడం మొదలవుతుంది. ఈఎస్‌సీ చల్లబడుతూ మోటార్ వేడెక్కుతుంటే ఒక పన్ను వెనక్కి రండి.

టైర్లు మార్చినప్పుడు గేరింగ్ కూడా మారిందని గుర్తుంచుకోవాలి. 100 మిల్లీమీటర్ల టైరు తీసి 115 వేస్తే, అది పినియన్‌ని 15 శాతం పెంచినట్టే. 20 పళ్ల పినియన్ ఉన్న బండికి పాత భారమే ఉండాలంటే 17కి దిగాలి. పెద్ద టైర్ల బరువు వేరే. నిలిచిన చోటు నుంచి లాగే ప్రతిసారీ అది కూడా ఈఎస్‌సీ ఖాతాలోనే పడుతుంది.

బ్యాటరీ సెల్స్ పెంచడం గురించి ఒక మాట. 2ఎస్ నుంచి 3ఎస్‌కి వెళ్తే వేడి పెరుగుతుందని అందరూ అంటారు. గేరు మార్చకపోతే అది నిజమే. వేగం ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది, దానికి తగ్గ శక్తి ఎక్కడినుంచో రావాలి. కానీ గేరు తగ్గించి పాత వేగమే ఉంచితే కథ తిరగబడుతుంది. 400 వాట్లు కావాలంటే 7.4 వోల్టుల బ్యాటరీ నుంచి 54 ఆంపియర్లు లాగాలి, 11.1 వోల్టుల నుంచి 36 చాలు. తీగల్లో, కనెక్టర్లలో పుట్టే వేడి సగం కంటే తక్కువకు పడిపోతుంది. మీ ఈఎస్‌సీ, మోటార్ రెండూ 3ఎస్ తట్టుకునేవైతేనే ఈ దారి పట్టండి.

ఐదో అడుగు: బ్యాటరీ, తీగలు, కనెక్టర్లు

ముసలి బ్యాటరీ కూడా ఈఎస్‌సీని వేడెక్కిస్తుంది. లోపలి రెసిస్టెన్స్ పెరిగిన లైపోని గట్టిగా లాగినప్పుడల్లా దాని వోల్టేజ్ కిందికి జారి మళ్లీ లేస్తుంది. ఆ అలలన్నీ ఈఎస్‌సీ మొదట్లో ఉండే కెపాసిటర్లు, అంటే కరెంటును కాసేపు నిలవ ఉంచి వదిలే చిన్న డబ్బాలు, మింగాలి. అవి వేడెక్కి ఉబ్బుతాయి. పైభాగం చదునుగా కాకుండా ఉబ్బెత్తుగా కనిపిస్తే ఆ కెపాసిటర్ పని అయిపోయిందని అర్థం. అలాగే ఇంకా నడిపితే తర్వాత పోయేది మాస్ఫెట్లే.

బ్యాటరీ నుంచి ఈఎస్‌సీకి వచ్చే తీగలు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, పొడవు పెరిగితే ఈ అలలు పెరుగుతాయి. ఎక్కడైనా పొడిగించక తప్పకపోతే ఈఎస్‌సీ నుంచి మోటార్ వైపు తీగలు పొడిగించండి. బ్యాటరీ వైపే పొడిగించాల్సి వస్తే ఈఎస్‌సీ దగ్గర తక్కువ ఈఎస్ఆర్ (లోపలి రెసిస్టెన్స్) ఉన్న కెపాసిటర్లు అదనంగా టంకం పెట్టాలి. 3ఎస్‌కి 25 వోల్టుల రకం, 4ఎస్‌కి 35 వోల్టుల రకం తీసుకోండి. ప్లస్, మైనస్ తారుమారైతే అవి పేలతాయి, రెండుసార్లు చూసి పెట్టండి.

కనెక్టర్ ఈఎస్‌సీ కంటే వేడిగా ఉందంటే తప్పు టంకంలోనో, వదులైన పిన్నులోనో ఉంది. ఎక్స్‌టీ60 రకం 60 ఆంపియర్ల స్థాయికి చేసింది, ఎక్స్‌టీ90 రకం 90కి. పెద్ద బండికి చిన్న కనెక్టర్ ఉంచితే అది సన్నటి మెడలా అడ్డుపడుతుంది. టంకం మెరుస్తూ తీగలోకి ఇంకినట్టు ఉండాలి, మసకగా ఉండలా నిలిచి ఉంటే మళ్లీ కాల్చి సరిచేయండి.

ఆరో అడుగు: సెట్టింగులు

ఇది తొందరగా ముగిసే పని. పంచ్ లేదా స్టార్ట్ పవర్‌ని రెండు మెట్లు తగ్గించండి, నిలిచిన చోట నుంచి లాగే కరెంటు పోటు తగ్గుతుంది. మోటార్ కాయిల్స్‌కి కరెంటు ఎంత ముందుగా అందాలో చెప్పేది టైమింగ్, దాన్ని ఎంత పెంచితే మోటార్ అంత కరెంటు లాగుతుంది. మోటార్ మీదా ఈఎస్‌సీలోనూ రెండు చోట్లా పెంచి ఉంటే ఒకచోట సున్నాకి తీసుకురండి. పీడబ్ల్యూఎం ఫ్రీక్వెన్సీ, అంటే స్విచ్‌లు సెకనుకు ఎన్నిసార్లు కొట్టాలనే అంకె, ఎక్కువైతే నడక మెత్తగా ఉంటుంది కానీ స్విచ్‌ల వేడి పెరుగుతుంది. మెత్తదనం అంతగా అవసరం లేని బండికి తగ్గించండి. యాక్టివ్ ఫ్రీవీల్ సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి, సగం థ్రాటిల్‌లో డయోడ్ గుండా పోయే నష్టాన్ని అది చాలావరకు తప్పిస్తుంది. బ్రేకులు కూడా ఈఎస్‌సీయే వేస్తుంది కాబట్టి అవసరానికి మించిన బ్రేక్ బలం కూడా వేడే.

షాఫ్ట్ ఏ స్థితిలో ఉందో చెప్పే సెన్సర్ లేని మోటార్ కదిలేటప్పుడు గుక్కపట్టినట్టు కుదుపులు ఇస్తే థ్రాటిల్ పట్టుకుని కూర్చోకండి. తిరగని మోటార్‌లోకి కరెంటు మొత్తం దూరుతున్న సమయం అది.

ఏడో అడుగు: గాలి

ఇప్పుడు ఫ్యాన్ దగ్గరికి రావచ్చు. ఉన్న ఫ్యాన్ ముందు శుభ్రం చేయండి, రెక్కల మీద ధూళి పేరుకుంటే సగం గాలే వస్తుంది. హీట్ సింక్ రెక్కల సందులు పాత టూత్‌బ్రష్‌తో దులపండి. కొత్తది పెట్టేముందు ఈఎస్‌సీ ఫ్యాన్ సాకెట్‌లో ఎన్ని వోల్టులు వస్తున్నాయో మల్టీమీటర్‌తో చూడండి. కొన్నింటిలో బీఈసీ వోల్టేజ్ వస్తుంది, కొన్నింటిలో నేరుగా బ్యాటరీ వోల్టేజే వస్తుంది. 5 వోల్టుల ఫ్యాన్‌ని 3ఎస్‌కి తగిలిస్తే అది కాసేపు అతి వేగంగా తిరిగి కాలిపోతుంది. అది ఆగిన సంగతి మీకు తెలిసేది ఈఎస్‌సీ ఆగాకే.

మూసిన బాడీ కింద ఎంత పెద్ద ఫ్యాన్ అయినా అదే వేడి గాలిని తిప్పుతూ ఉంటుంది. ముందు అద్దంలో ఒక కంత, వెనక అద్దంలో దానికంటే పెద్ద కంత కోయండి. లోపలికొచ్చిన గాలికి బయటికి పోయే దారి లేకపోతే మొదటి కంత వల్ల లాభం లేదు. మోటార్ ఫ్యాన్ వదిలే వేడి గాలి ఈఎస్‌సీ మీదికే పోతోందేమో చూసుకోండి, దాని మూతి కాస్త తిప్పితే చాలు. నీళ్లు పడకుండా ఈఎస్‌సీకి ప్లాస్టిక్ సంచి, బెలూన్ లాంటివి చుట్టడం మాత్రం దుప్పటి కప్పడమే. తడిలో నడపాలనుకుంటే వాటర్‌ప్రూఫ్ రకమే కొనండి.

రాళ్లెక్కే క్రాలర్లకు ఎదురుగాలి ఉండదు, మోటార్ దాదాపు ఆగి ఉండగానే కరెంటు లాగుతుంది. వాటికి తక్కువ గేరింగ్, చిన్న ఫ్యాన్ రెండూ కావాలి. చక్రం ఇరుక్కుంటే థ్రాటిల్ వదిలి వెనక్కి రావడం అలవాటు చేసుకోవాలి. పడవల్లో నీటితో చల్లబరుస్తారు కాబట్టి నీళ్లు బయటికి చిమ్మే గొట్టాన్ని ప్రతి పరుగులో కంటితో చూడండి. ధార సన్నబడిందంటే నాచో, ఇసుకో అడ్డుపడింది, వెంటనే ఒడ్డుకి తెచ్చి గొట్టం ఊదండి.

బండి ఆగిపోయినప్పుడు

వేడికి ఆగిన బండిని స్విచ్ తీసి వేసి మళ్లీ పరుగెత్తించకండి. ఈఎస్‌సీ ఫ్యాన్ తిరుగుతుంటే స్విచ్ ఆన్‌లోనే ఉంచి, బాడీ తీసి, నీడలో పెట్టండి. చల్లని నీళ్లు పోయడం, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటివి చేయొద్దు. ఒక్కసారిగా చల్లబడితే టంకాలు పగిలే అవకాశం ఉంటుంది, లోపల తేమ కూడా చేరుతుంది. 40 డిగ్రీలకు దిగాకే తర్వాతి బ్యాటరీ పెట్టండి. అంతకు ముందే పెడితే మూడు నిమిషాల్లో మళ్లీ అదే చోటికి వస్తారు.

ఇవన్నీ సరిచేసినా, తక్కువ గేరులో, నెమ్మదిగా నడిపినా ఈఎస్‌సీ ఒక్కటే కాలిపోతూ మోటార్, బ్యాటరీ గోరువెచ్చగా ఉంటే లోపల ఏదో మాస్ఫెట్ సగం పాడై ఉండొచ్చు. కాలిన వాసన వచ్చినా, థ్రాటిల్ లేకుండానే మోటార్ కుదిపినా బ్యాటరీ విప్పేయండి, ఇంక దాన్ని వాడొద్దు. కొత్తది ఎంచుకునేటప్పుడు పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే బరస్ట్ కరెంటుని (కొన్ని క్షణాలు మాత్రమే తట్టుకునేది) పక్కన పెట్టి కంటిన్యుయస్ అంకె (ఆగకుండా తట్టుకునేది) చూడండి. అది కూడా గాలి బాగా తగిలే పరిస్థితిలో చెప్పిన అంకె అనుకుని, మీ బండి లాగేదానికి సగం అదనంగా ఉన్నది తీసుకోండి. మీ బండి సాధారణంగా 60 ఆంపియర్లు లాగుతుంటే 90కి తగ్గనిది ఎంచుకోండి. బిగించాక మొదటి రోజే మూడు నిమిషాల పరీక్ష చేసి, గాలి ఉష్ణోగ్రతతో సహా కొత్త అంకెలు పాత పుస్తకంలోనే రాసుకోండి.